ఎనిమిది రోజులకు అమ్మిన బేకరీ

ఇజ్మీర్ నగరం, కరతాష్ పేటలో మూడో అంతస్తులో కాపురముంటున్న, కీర్తిశేషులు బోహోర్ అల్గ్రాంతి గారి మనవడు, కీర్తిశేషులు ఇజాక్ అల్గ్రాంతి గారి ఏకైక కుమారుడు, విటాలి అల్గ్రాంతి అనే నేను, వయసు ఇరవై ఏడు, వృత్తి బేకరీ యజమాని, పూర్తి స్పృహతో, స్థిరమైన బుద్ధితో, అస్థిరమైన గుండెతో, ఎవరి ఒత్తిడీ లేకుండా, మా మేనత్త ఒత్తిడి ఉన్నా దానికి లొంగకుండా, నా సొంత చేత్తో రాస్తున్న చివరి వీలునామా ఇది. మొదటిది కూడా ఇదే.

గురువారం పొద్దున ఎనిమిదింటికి డాక్టర్లు నా ఛాతీ తెరిచి, గుండెలో సరిగా మూసుకోని కవాటం ఒకటి బాగుచేస్తారు. నూటికి తొంభై ఎనిమిది మంది మళ్లీ లేచి కూర్చుంటారని సర్జన్ గారు చెప్పారు. మిగిలిన ఇద్దరి సంగతి అడిగితే గడియారం చూసుకున్నారు. ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేనే అయితే ఏం చేయాలో కింద రాస్తున్నాను. విటాలి అంటే మా వాళ్ల భాషలో బతికేవాడు అని అర్థం. వీలునామాకి ఇంతకంటే అప్రతిష్ఠ తెచ్చే పేరు దొరకదు. అయినా అదే నా పేరు, అదే సంతకం.

ఒకటి. అంత్యక్రియలు. నన్ను మా నాన్న పక్కన పెట్టండి. ఉపన్యాసాలు వద్దు. మా నాన్న పోయినప్పుడు ఒక పెద్దమనిషి నలభై నిమిషాలు మాట్లాడాడు. అందులో ముప్పై నిమిషాలు మా యూదు సంఘ భవనం పైకప్పు కారుతోందన్న విషయం మీదే. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఆ పైకప్పు ఈ రోజుకీ కారుతూనే ఉంది, నేను వెళ్లి చూసి వచ్చాను. దుఃఖం పాటిస్తూ ఏడు రోజులు నేల మీద కూర్చునే వాళ్లకి గుడ్లు మన పొయ్యిలోవే పెట్టాలి. ఉల్లిపొట్టుతో కలిసి పన్నెండు గంటలు మగ్గి, పెంకు లోపల గోధుమరంగు తిరిగినవి. గబగబా ఉడకబెట్టిన తెల్ల గుడ్లు పెట్టి చచ్చినవాణ్ణి అవమానించవద్దు.

రెండు. తత్వశాస్త్రంలో నా పట్టా, చట్రంతో సహా, బేకరీ గోడకే చెందాలి. అది వేలాడుతున్న చోట గోడకి చెమ్మ. నాలుగేళ్ల చదువు ఒక మచ్చని ఇంత కచ్చితంగా కప్పడం ఇంకెక్కడా జరిగి ఉండదు.

మూడు. నా నీలం స్కూటరు మేనత్త కొడుకు జెకికి. రెండేళ్లుగా అడక్కుండా తీసుకెళ్తున్నాడు, ఇకమీదట చట్టబద్ధంగా తీసుకెళ్లవచ్చు. వెనక బ్రేకు పనిచేయదన్న సంగతి వాడికి ఎవరైనా నెమ్మదిగా చెప్పాలి.

ఇదే అంశం కింద, మూడు వీధుల అవతల "అసలైన బోయోజ్" అని బోర్డు పెట్టుకుని దాని కడుపులో చాక్లెట్టూ జున్నూ పాలకూరా కుక్కే సెర్మెత్ గారికి, ఆయన మీద నాకున్న చిన్నచూపు మొత్తాన్నీ దాన విక్రయాది సర్వ హక్కులతో రాసి ఇస్తున్నాను. పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించవచ్చు. బోయోజ్ అంటే పిండి, నూనె, ఉప్పు, ఒక చెంచా నువ్వుల ముద్ద, దాన్ని గాలిలోకి విసిరి దుప్పటిలా పరిచే చేయి, మండే పొయ్యి. అంతే. అయిదు వందల ఏళ్ల కిందట స్పెయిన్ రాణి గారు మా వాళ్లని తరిమేసినప్పుడు ఇల్లూ పొలమూ అక్కడే వదిలేసి, ఇది మాత్రం చేతుల్లో పెట్టుకొచ్చారు. దాని లోపల చాక్లెట్ పెట్టాలన్న ఆలోచన ఆ రాణి గారికి కూడా రాలేదు.

నాకు వచ్చింది. ఒప్పుకుంటున్నాను. 2021లో మూడు రోజుల పాటు యజమాని హోదాలో చాక్లెట్ బోయోజ్ చేయమని ఆజ్ఞాపించాను. హుస్నూ ఉస్తా సరేనని చేశాడు. నాలుగో రోజు మిగిలినవి రేవుకి తీసుకెళ్లి సముద్రపు కాకులకి వేశాం. అవి దిగి, చూసి, ఎగిరిపోయాయి. మా రేవు కాకులు ఓడల చమురు కూడా వదలవు.

నాలుగు. ఇప్పుడు అసలు సంగతి. కెమెరాల్తి బజారులోని అల్గ్రాంతి బేకరీ, అనగా రాతి పొయ్యి ఒకటి, పాలరాతి బల్లలు రెండు, రేకులు అరవై, గుడ్ల గుండిగ, టీ గ్లాసులు (పగిలినవి పోగా ఎన్ని మిగిలితే అన్ని), అద్దె హక్కు, పేరు, పొద్దున్నే వీధి మలుపు దాకా వెళ్లే వాసన, సమస్తమూ హుస్నూ ఉస్తాకి చెందాలి. గోడలు వక్ఫువి కాబట్టి వాటి జోలికి నేను పోవడం లేదు.

ఉస్తా అంటే పనిలో పెద్ద మేస్త్రి. హుస్నూ ఉస్తా మనీసా దగ్గర పల్లె నుంచి పదిహేనో ఏట వచ్చి మా నోనో దగ్గర, అంటే మా తాత బోహోర్ దగ్గర, పనిలో చేరాడు. ఇప్పుడు అరవై ఏళ్లు. ఐదు పూటలా నమాజు చేస్తాడు. పిండి మాట వినకపోతే మాత్రం మా నోనో దగ్గర నేర్చుకున్న పాత స్పానిష్ బూతులు తిడతాడు. పై రెండింటిలో ఏదీ తప్పగా నేను చూడలేదు. ఆరేళ్ల కిందట నోనో పోతూ కరతాష్ ఫ్లాటు మేనత్తకీ, బేకరీ నాకూ రాశాడు. అప్పటినుంచి నేను యజమానిని. అంటే గల్లా పక్కన కూర్చుని సలహాలు ఇస్తాను. బోయోజ్ ఉస్తా చేస్తాడు.

ఈ అంశం ఎందుకు అవసరమైందో కూడా రాస్తాను. నాకు అమ్మా నాన్నా లేరు, పెళ్లాం లేదు. నేను ఊరికే పోతే బేకరీ నా మేనత్త తియా ఫోర్తునెకి వెళ్తుంది. ఆవిడ దాన్ని కాఫీ కంపెనీకి అమ్మేస్తుంది. ఇది అనుమానం కాదు. పోయిన నెల ఆ కంపెనీ కుర్రాడొకడు కొలతల టేపుతో వచ్చాడు. పొయ్యి పడగొడితే అక్కడ రెండు సోఫాలు పడతాయని నా ముందే ఫోనులో చెప్పాడు. ఎవరు పంపారంటే మేనత్త పేరు చెప్పాడు. ఉస్తా వాడికి ఒక బోయోజ్, ఒక గుడ్డు, టీ ఇచ్చి కూర్చోబెట్టాడు. వాడు తిన్నాడు, ఇంకోటి అడిగి తిన్నాడు, ఆ తర్వాత మళ్లీ లేచి పొయ్యి కొలిచాడు. ఇంత కఠినమైన గుండె ఉన్నవాడికి ఆపరేషను అవసరం లేదు, నాకు అవసరమైంది.

కాబట్టి బేకరీ ఉస్తాకి. అయితే ఈ కింది షరతులకు లోబడి: బోయోజ్ లోపల ఏమీ పెట్టరాదు. నా ఫోటో ఒకటి నోనో ఫోటో పక్కన, అంతకంటే అంగుళం చిన్నగా, తగిలించాలి. నేను దయతో ఇచ్చానన్న సంగతి ఉస్తా రోజూ తలుచుకోనక్కర్లేదు, వారానికోసారి చాలు.

ఐదు. తియా ఫోర్తునెకి నోనో ఉన్ని చొక్కా, ఆయన కళ్లజోడు, అమ్మ గాజు గిన్నెలు. ఆవిడ గురించి పైన రాసినది చదివితే రాక్షసి అనిపిస్తుంది. కాదు. నాన్న పోయాక నన్ను పెంచింది ఆవిడే. నా లెక్కల మాస్టారుతో పోట్లాడింది, నా కోసం గుమ్మడికాయ కజ్జికాయలు చేసింది, అవి మా బేకరీ సరుకు కంటే బాగుంటాయి (ఈ వాక్యం ఉస్తాకి చదివి వినిపించవద్దు). ఆవిడ పగ నా మీద కాదు, పొయ్యి మీద. వాళ్ల తాత ఆ పొయ్యి ముందు పడిపోయాడు. మా నాన్న నలభై ఒకటో ఏట చేతిలో రేకుతో అక్కడే పడిపోయాడు. ఈ ఆగస్టులో నేను పిండి బస్తా ఎత్తుతూ అక్కడే పడిపోయాను. ఆసుపత్రిలో ఆవిడ నా మంచం పక్కన నిలబడి అన్న మాట ఇది: "మనింటి గుండెలన్నీ ఆ పొయ్యిలోనే కాలాయి. నిన్నూ కాల్చేదాకా తలుపు తీసి ఉంచాలా దాన్ని? నేను ఉండగా ఉంచను." మా వంశంలో గుండెలు పుట్టుకతోనే అంతేనని డాక్టరు చెప్పారు. ఆవిడ డాక్టరు మాట వినలేదు, మేం ఎవరం వినం.

ఆరు. ముజయ్యెన్ హనుమ్ గారు, రిటైర్డు లెక్కల టీచరు, ఎనభై మూడేళ్లు. ఆవిడ బతికున్నంత కాలం పొద్దున ఏడింటికి కిటికీ పక్క బల్ల, ఒక బోయోజ్, గుండిగలో అన్నిటికంటే ముదురు రంగు తిరిగిన గుడ్డు. గుడ్డు ఏది ముదురో ఆవిడే ఎంచుకుంటారు, అందుకు పావుగంట పడుతుంది, వెనక వరస నిలబడుతుంది. ఎవరూ దగ్గకూడదు.

పైన ఉన్న ఆరు అంశాలు ఆదివారం రాశాను. కొట్టివేతలుంటే కోర్టువాళ్లకి అనుమానం వస్తుందని నా లాయరు చెప్పింది కాబట్టి ఒక్క ముక్క కూడా కొట్టేయడం లేదు. ముఖ్యంగా నాలుగో అంశంలో షరతుల భాగం అలాగే ఉంచుతున్నాను. అది నాకు శిక్ష.

ఏడు. సోమవారం పొద్దున, వీలునామాకి జత చేయడానికి అద్దె ఒప్పందం కావాలని నోనో హల్వా డబ్బా తెరిచాను. అద్దె ఒప్పందం దొరికింది. దాని కింద ఇంకో కాగితం దొరికింది. నోనో చేతిరాత. దాన్ని ఉన్నది ఉన్నట్టు దించుతున్నాను:

"పస్కా పండగ ఎనిమిది రోజులూ మా సొత్తులో తడి తగిలిన పిండి ఉండకూడదు గనుక, నా బేకరీలోని పిండి, ముద్ద, పొయ్యి, బల్లలు, రేకులు, తాళం, అద్దె హక్కు, పేరు, అన్నీ హుస్నూ ఎఫెందీకి ఒక లీరాకి నిజంగా, మనస్ఫూర్తిగా, వేళాకోళం లేకుండా అమ్మాను. పండగ వెళ్లాక నేను వచ్చి అడిగి, ఆయనకు ఇష్టమైతే, అదే వెలకు తిరిగి కొనుక్కుంటాను. అడగకపోతే ఆయనదే." తేదీ 2019 ఏప్రిల్ 19. నోనో సంతకం. ఉస్తా సంతకం. సాక్షి సంతకం, ఫోర్తునె.

ఈ ఆచారం మా వాళ్లందరికీ తెలిసిందే. బోయోజ్‌లో మేం ఈస్టు వేయం. అయినా తడిపిన పిండి పద్దెనిమిది నిమిషాలు దాటితే పులిసినట్టే లెక్క. మాది నూనెలో గంటలకొద్దీ నానుతుంది. పండగలో అది మన సొత్తయి ఉండకూడదు. మిగతా ఇళ్లవాళ్లు గుడిలో మతగురువు రబ్బీ గారి పెద్ద జాబితాలో సంతకం పెడతారు. ఆయన అందరి పిండీ కలిపి బయటివాళ్లకి ఎవరికో అమ్మి, పండగయ్యాక తిరిగి కొంటాడు. నోనో ఆ జాబితాని నమ్మలేదు. గుంపులో అమ్మితే అమ్మినట్టు ఉండదనేవాడు. ఏటా సొంతంగా కాగితం రాసి ఉస్తాకి అమ్మేవాడు. అమ్మితే నిజంగా అమ్మేవాడు. ఆ ఎనిమిది రోజులూ ఉస్తా బేకరీ నడిపేవాడు, ఊరంతా తినేది. నోనో మాత్రం గుమ్మం తొక్కేవాడు కాదు. ఎదురుగా టీ కొట్టు ముందు కుర్చీ వేసుకుని పొద్దుటినుంచి సాయంత్రం దాకా తనది కాని బేకరీని చూస్తూ కూర్చునేవాడు. ఒక ఏడు పొయ్యిలోంచి మాడు పొగ వస్తుంటే చటుక్కున లేచాడట. నాది కాదు కదా అని గుర్తొచ్చి కూర్చున్నాడట. ఆ కోపమంతా టీ చల్లారిందని టీ కొట్టువాడి మీద చూపించాడట.

2019లో పండగ ఆరో రోజున ఆ కుర్చీలోనే పోయాడు. బేకరీని చూస్తూ, బేకరీ లేనివాడుగా.

పండగలో దుఃఖం పాటించకూడదు. అందుకని ఏడు రోజుల కూర్చోవడం పండగ వెళ్లాకే మొదలైంది. అంటే ఏ సాయంత్రమైతే నోనో రోడ్డు దాటి తాళం తిరిగి తీసుకోవాలో, సరిగ్గా ఆ సాయంత్రమే ఇంటిల్లిపాదీ నేల మీద కూర్చున్నాం. ఎవరికీ గుర్తు లేదు. ఏడు రోజులయ్యాక లేచి, బేకరీకి వెళ్లి, నేను యజమానినైపోయాను.

చట్టం సంగతి లాయరు కంటే ముందు నేనే గ్రహించాను, అందుకే తత్వశాస్త్రం చదువుకోవాలి. నోనో పోయిన రోజున ఆయనకి బేకరీ లేదు. లేనిదాన్ని నాకు రాశాడు. నేను లేనిదాన్ని తీసుకున్నాను. అంతటితో ఆగలేదు, ఆ తర్వాత వచ్చిన ఆరు పండగల్లోనూ రబ్బీ గారి జాబితాలో సంతకం పెట్టి, ఉస్తా సొత్తుని ఆరుసార్లు ఇంకెవరికో అమ్మి, ఆరుసార్లు తిరిగి కొన్నాను. దీనికి శిక్షాస్మృతిలో సెక్షను ఉందో లేదో గానీ ఉండాల్సింది. మొదటి వాక్యంలో వృత్తి అన్న చోట రాసిన రెండు మాటలూ అబద్ధం. వాటి స్థానంలో ఏం రాయాలో ఇంకా తెలియదు.

ఎనిమిది. కాగితం పట్టుకుని బేకరీకి వెళ్లాను. మొదటి వాయి అయిపోయి, రెండోది పొయ్యిలో ఉంది, ఉస్తా మూడో వాయికి పిండి పరుస్తున్నాడు. కాగితం బల్ల మీద పెట్టి, ఇది తెలుసా అని అడిగాను. నూనె అంటుతుంది తియ్యమన్నాడు. తెలుసా అని మళ్లీ అడిగాను. తెలుసన్నాడు. మరి ఆరేళ్లుగా ఎందుకు చెప్పలేదు అన్నాను. పిండి మీద నుంచి చూపు తిప్పకుండానే చెప్పాడు.

"మీ నోనో ఏటా ఎనిమిదో రోజు పొద్దుగూకాక రోడ్డు దాటి వచ్చేవాడు. తలుపు కొట్టేవాడు. 'హుస్నూ ఎఫెందీ, లోపలికి రావచ్చా' అని అడిగేవాడు. ఏడాది పొడుగునా ఒరేయ్ అనేవాడు, ఆ ఒక్క పొద్దే ఎఫెందీ అనేవాడు. నేను కొంచెంసేపు ఆలోచించినట్టు నిలబడి, రండి అనేవాణ్ణి. నువ్వూ వస్తావని చూశాను. నువ్వు తలుపు కొట్టకుండా లోపలికొచ్చి, ఉస్తా నీ ఉద్యోగానికేం ఢోకా లేదు, నేనున్నాను అన్నావు. ఏమనను నాయనా? కళ్లు వాచిపోయి ఉన్నావు. సంతోషం బాబూ అన్నాను."

ఆ మాట నేను అన్నాను. నాకు బాగా గుర్తుంది. ఆ రోజు నా ఔదార్యానికి నేనే కరిగిపోయాను.

మరి చాక్లెట్ పెట్టమన్నప్పుడైనా చెప్పాల్సింది కదా అన్నాను. అప్పుడు మాత్రం చాలా కష్టమైందన్నాడు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదట. ఇంటావిడ చెప్పెయ్యమందట. ఇంకో రోజు ఆగి చూద్దాం, కాకులు చెప్తాయిలే అన్నాడట.

అప్పుడు ఉస్తా చేతులు తుడుచుకుని, మేకుకి ఉన్న తాళం తీసి బల్ల మీద పెట్టాడు. "వెళ్లు. బయటికెళ్లి తలుపు కొట్టు. పద్ధతిగా అడుగు. ఇస్తాను. నాకెందుకిది, గురువారం నీ చేతిలోనే ఉంటే నీకూ ధైర్యం."

బయటికి వెళ్లాను. రోడ్డు దాటి టీ కొట్టు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, మళ్లీ రోడ్డు దాటి గుమ్మం దగ్గరికి వచ్చాను. లోపల ముజయ్యెన్ హనుమ్ గారు గుడ్డు ఎంచుకోవడం ఆపి నన్నే చూస్తున్నారు. చెయ్యి ఎత్తాను. అప్పుడు అర్థమైంది. కొట్టి అడిగితే బేకరీ నాది. నాదైతే, గురువారం నేను లేవకపోతే, వెనక తియా ఉంది, కాఫీ కంపెనీ ఉంది, టేపు పట్టుకున్న కుర్రాడు ఉన్నాడు. కొట్టకపోతే అది ఉస్తాది, నా గుండెతో దానికి పని లేదు.

చెయ్యి దించేశాను. గుమ్మం బయటే నిలబడి, కొట్టను అని ఉస్తాకి చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. ఆయన పొయ్యి సంగతే మరిచిపోయాడు. లోపల రేకులో బోయోజ్‌లు మాడాయి. ఆరేళ్లలో మాడటం అదే మొదటిసారి. అవి ఆయనవే కాబట్టి నేను ఏమీ అనలేదు.

తొమ్మిది. నా లాయరు పెరిహాన్ కాలేజీలో నా తర్వాతి ఏడాది, నాకంటే తెలివైనది. ఆమె నాకు ఏమవుతుందో ఇక్కడ రాయను, ఎందుకంటే ఆమెకే ఇంకా చెప్పలేదు. సాక్షిగా ఈ పత్రం మొత్తం చదవాలి కాబట్టి ఇప్పుడు చెప్పినట్టే అయింది. పెరిహాన్ అభిప్రాయం ఇది: నాలుగో అంశం లాంటి వీలునామా మీద మేనత్త దావా వేయవచ్చు. వేస్తే అది తేలేదాకా బేకరీ తలుపుకి ముద్ర పడవచ్చు, తేలడానికి ఎన్నేళ్లయినా పట్టవచ్చు. పైగా ఇందులో నేను రాసిన హాస్యమంతా నాకు మతి స్థిరంగా లేదనడానికి అవతలి లాయరుకి బంగారంలా పనికొస్తుంది. ఆ హాస్యం తీసేయమంది. తీసేస్తే నేను రాసినట్టు ఉండదన్నాను. ఒక నిట్టూర్పు విడిచి, అమ్మకం కాగితం చూపించమంది. రెండుసార్లు చదివి, సాక్షి సంతకం మీద వేలు పెట్టి, మీ అత్త దీన్ని కాదనాలంటే ముందు తన చేతిని తను కాదనాలి అంది.

సాయంత్రం ఆ కాగితం తియా ఫోర్తునెకి చూపించాను. తన సంతకం చూసింది. వాళ్ల నాన్న చేతిరాత చూసింది. "జీవితంలో ఒక్క బోయోజ్ ఎవరికీ ఊరికే ఇచ్చినవాడు కాదు మా నాన్న. పోతూ పోతూ షాపే ఇచ్చేశాడా" అని నవ్వడం మొదలుపెట్టింది. కళ్లజోడు తీసేదాకా నవ్వింది. తీశాక అది నవ్వో ఏడుపో నేను చూడలేదు, పొయ్యి మీద పాలు చూసే నెపంతో వంటింట్లోకి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి అడిగింది, అయితే ఆ పొయ్యికి నువ్వు యజమానివి కాదన్నమాట అని. కాదన్నాను. దేవుడికి దండం పెట్టుకుంది. కాఫీ వాళ్లకి ఫోను చేసి, ఆ షాపు మాది కాదట, ఆరేళ్ల నుంచీ కాదట, ఆ టేపు కుర్రాణ్ణి ఇంకెక్కడికైనా పంపుకోండి అని చెప్పింది.

పది. అందువల్ల నాలుగో అంశం, దాని షరతులతో, నా ఫోటోతో సహా, రద్దు. నాది కానిదాన్ని నేను ఎవరికీ ఇవ్వలేను. ఆరో అంశంలో ముజయ్యెన్ హనుమ్ గారి గుడ్డు కూడా ఇకపై నా దానం కాదు, ఉస్తాకి నా మనవి. మనవి అక్కర్లేదని, ఆవిడ మా నోనో కాలం నుంచీ గుడ్డు అలాగే ఎంచుకుంటోందని ఉస్తా కబురు చేశాడు. రెండో అంశంలో పట్టా విషయం ఆయన్ని అడగాలి, గోడ వక్ఫుది, మేకు ఆయనది. సెర్మెత్ గారి మీద నా చిన్నచూపు మాత్రం నా స్వార్జితం. అది పైన చెప్పినట్టే చెల్లుతుంది.

పదకొండు. నాకు మిగిలిన ఆస్తి ఇప్పుడు ఒక్కటే, తలుపు కొట్టి అడిగే హక్కు. దీన్ని ఎవరికీ రాయడం లేదు. నాతోపాటే పోవాలి. జెకి అడిగినా, సంఘం పెద్దలు అడిగినా, ఎవరైనా ఆ తలుపు కొట్టి నోనో పేరు చెబితే, టీ ఇచ్చి పంపించమని ఉస్తాకి నా విన్నపం.

గురువారం నేను లేచిన పక్షంలో, ఆరు వారాలు మంచం దిగకూడదని డాక్టరు ఆజ్ఞ. ఆ తర్వాత డిసెంబరు ఒకటి, సోమవారం. ఆ రోజు పొద్దున ఐదింటికి గుమ్మం దగ్గర నిలబడి తలుపు కొడతాను. బేకరీ అడగను. పని అడుగుతాను. ఈ సంగతి ఉస్తాకి చెప్పినప్పుడు ఆయన నన్ను కిందినుంచి మీదికి చూసి, నీకేం వచ్చు అని అడిగాడు. నిజాయితీగా ఆలోచిస్తే సలహాలు ఇవ్వడం తప్ప ఏమీ రాదు. ఆ మాటే చెప్పాను. బస్తాలు ఎత్తకూడదు కదా అన్నాడు. ఎత్తనన్నాను. అయితే పిండి విసరడం నేర్పుతాను, అది చేతులతో పని, గుండెతో పని కాదు అన్నాడు. ఇన్నేళ్లలో ఉస్తా నోట నేను విన్న అబద్ధం అదొక్కటే.

తియాకి ఈ సంగతి చెప్పలేదు. చదివి తెలుసుకుంటుంది. అప్పటికి నేను ఉంటే తిడుతుంది, లేకపోతే ఏడుస్తుంది.

చివరగా సాక్షుల గురించి. చేతితో రాసిన వీలునామాకి మా చట్టంలో సాక్షులు అక్కర్లేదు. అయినా పిలిచాను, చూసేవాళ్లు లేని చోట నేను ఏ పనీ సరిగా చేయలేను. వీలునామా వల్ల లాభపడేవాళ్లు సాక్షి సంతకం పెట్టకపోవడం మంచిదని పెరిహాన్ అంది. ఆమెకి నేను ఏమీ రాయలేదు, సంతకం పెట్టడం కోసం రాయొద్దని ఆమే అంది. ఉస్తాకి కూడా ఇందులో ఇప్పుడు ఒక్క చెంచా కూడా రావడం లేదు. ఆయనకంటే అర్హుడైన సాక్షి ఈ నగరంలో దొరకడు.

పై సంగతులన్నీ నేను రాసినవే, చదువుకున్నాను, సరిగానే ఉన్నాయి, భయంగా ఉంది.

ఇజ్మీర్, 2025 అక్టోబరు 14, మంగళవారం.

(సంతకం) విటాలి అల్గ్రాంతి

సాక్షులు:

1. పెరిహాన్ ఎర్దెమ్, న్యాయవాది. తొమ్మిదో అంశం చదివాను. జవాబు శుక్రవారం, ఆసుపత్రిలో, మెలకువగా ఉంటేనే.

2. హుస్నూ కరబులుత్, బేకరీ యజమాని. ఒకటో తారీఖు ఐదింటికి. ఐదు దాటితే ఆ పూట జీతం లేదు.